ప్రాథమిక విద్యలో వర్షారణ్య పాఠం: ‘ది గ్రేట్ కేపోక్ ట్రీ’ – కుప్పం ప్రాంత నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉష్ణమండల వర్షారణ్యాలను చిన్నపిల్లలకు పరిచయం చేయడానికి ఆంగ్ల మాధ్యమ ప్రాథమిక తరగతుల్లో విస్తృతంగా వాడుకలో ఉన్న బొమ్మల కథ లిన్ చెర్రీ రచించిన ‘ది గ్రేట్ కేపోక్ ట్రీ’ (1990). ఈ వ్యాసం ఆ కథను చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతపు పిల్లల అనుభవంతో పోల్చి పరిశీలిస్తుంది. చెట్టు మీద ప్రేమను కలిగించడంలో ఈ కథ సఫలమైంది. అయితే గొడ్డలి పట్టిన కూలి వెనుక ఉన్న వ్యవస్థను అది కథ వెలుపలే వదిలేసింది. పాఠం చెప్పేవారు కథలోని చెట్టుకు తెలుగు పేరును, అక్కడి వానకు ఇక్కడి మబ్బుతో ఉన్న బంధాన్ని, అడవి పక్కన బతికేవారి కష్టాన్ని కలిపి చెప్పినప్పుడే వర్షారణ్య పాఠం కుప్పం పిల్లలకు చదువు అవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వర్షారణ్యం, పరిసరాల విజ్ఞానం, బాలసాహిత్యం, బూరుగు, కౌండిన్య అభయారణ్యం, కుప్పం.

1.0 ఉపోద్ఘాతం

పర్యావరణ విద్యను పాఠశాల స్థాయిలో తప్పనిసరి చేయాలని ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. 2003లో దాని అమలు కోసం పాఠ్యప్రణాళిక రూపకల్పన బాధ్యతను ఎన్‌సీఈఆర్‌టీకి అప్పగించింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ప్రాథమిక దశలో విజ్ఞాన, సాంఘిక శాస్త్రాలను విడదీయకుండా పరిసరాల విజ్ఞానంగా బోధించాలని సూచించింది. ఈ మార్పుల ఉద్దేశం ఒక్కటే: పిల్లలు తమ చుట్టూ ఉన్నదాన్ని చూసి, ప్రశ్నించి, దాని నుంచి తెలియని లోకం వైపు నడవాలి.

వర్షారణ్యం అలాంటి తెలియని లోకం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో విశాలమైన వర్షారణ్యాలు లేవు. కాబట్టి ఈ అంశం తెలుగు పిల్లలకు ఎక్కువగా అమెజాన్ బొమ్మగానే పరిచయమవుతుంది. ఎత్తయిన చెట్లు, రంగురంగుల చిలుకలు, మచ్చల జాగ్వార్, ఆ తరువాత నరికివేత, చివరన ‘చెట్లను కాపాడుదాం’ అనే నినాదం – ఇదే సాధారణంగా కనిపించే క్రమం.

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట ఉన్న కుప్పంలో ఈ పాఠానికి ఒక ప్రత్యేక సమస్య ఎదురవుతుంది. ఇక్కడి పిల్లలకు అడవి కొత్త కాదు. అది పొలం గట్టు దాటితే ఉంటుంది. రాత్రిపూట అందులోంచి ఏనుగులు దిగివస్తాయి. పాఠంలోని అడవికీ, ఇంటి పక్కనున్న అడవికీ మధ్య ఏ సంబంధమూ చెప్పని బోధన, ఈ పిల్లలు అప్పటికే సంపాదించుకున్న జ్ఞానాన్ని లెక్కలోకి తీసుకోనట్లే. ఈ దృష్టితోనే ‘ది గ్రేట్ కేపోక్ ట్రీ’ని పరిశీలించవలసి ఉంది.

2.0 కథా నిర్మాణం – బలాలు

కథ చిన్నది. ఇద్దరు మనుషులు అమెజాన్ అడవిలోకి వస్తారు. వారి రాకతో అంతవరకు కిలకిలలాడిన అడవి మౌనం వహిస్తుంది. పెద్ద మనిషి ఒక మహావృక్షాన్ని చూపించి వెళ్లిపోతాడు. చిన్న మనిషి గొడ్డలితో నరకడం మొదలుపెట్టి, కాసేపటికి అలసి, ఉక్కకు సొమ్మసిల్లి చెట్టు మొదట్లోనే నిద్రపోతాడు. అతడు నిద్రలో ఉండగా బోవా పాము, తేనెటీగ, కోతులు, పక్షులు, చెట్టుకప్ప, జాగ్వార్, చెట్లెక్కే ముళ్లపందులు, చీమలను తినే జంతువులు, స్లాత్, చివరగా యానోమామి తెగకు చెందిన ఒక పిల్లవాడు వరుసగా వచ్చి చెట్టును కొట్టవద్దని చెవిలో చెబుతారు. మెలకువ వచ్చిన మనిషి గొడ్డలి ఎత్తి, తటపటాయించి, దాన్ని అక్కడే వదిలి వెళ్లిపోతాడు.

ఈ నిర్మాణంలో మూడు గుణాలు గమనించదగినవి. మొదటిది, పునరావృత్తి. ఒకరి తరువాత ఒకరు వచ్చి మాట్లాడే పద్ధతి మౌఖిక కథా సంప్రదాయానిది. చేప ఎండకపోవడానికి కారణాన్ని వెతుకుతూ గడ్డిమోపు దగ్గరికి, ఆవు దగ్గరికి వెళ్లే ఏడుచేపల కథ విన్న తెలుగు పిల్లలకు ఈ నడక వెంటనే అందుతుంది. రెండవది, ప్రతి ప్రాణీ వేరువేరు కారణం చెప్పడం. పాముకు అది తాతముత్తాతల నాటి ఇల్లు. తేనెటీగకు పరాగసంపర్కం. కోతులకు వేళ్లు పట్టి ఉంచే నేల, ఆ వేళ్లు పోతే వానకు కొట్టుకుపోయే మట్టి. ఇలా ఆవరణశాస్త్ర భావనలు ఒక్కొక్కటి ఒక్కో గొంతు ద్వారా వస్తాయి. మూడవది, ముగింపు. గొడ్డలి ఎత్తిన చెయ్యి ఆగిన క్షణంలో ఉపదేశం లేదు, నిర్ణయం మాత్రమే ఉంది.

శాస్త్రవిషయంలో ఒక జాగ్రత్త అవసరం. ముళ్లపందుల నోట వచ్చే ప్రాణవాయువు వాదాన్ని పట్టుకుని, అమెజాన్ భూమికి ఊపిరితిత్తులని తరగతుల్లో చెప్పడం పరిపాటి అయింది. పరిపక్వమైన అడవి తాను తయారుచేసిన ప్రాణవాయువును దాదాపు అంతటినీ తన శ్వాసక్రియలోనూ, రాలిన ఆకులు, కలప కుళ్లే క్రమంలోనూ తిరిగి వాడుకుంటుంది. అడవి విలువ అది కూడబెట్టిన కర్బనంలో, నీటి చక్రంలో, జీవవైవిధ్యంలో ఉంది. కోతులు చెప్పే మట్టి వాదం దీనికన్నా శాస్త్రబద్ధమైనది. వర్షారణ్యపు నేల చాలాచోట్ల నిస్సారమైనది. అక్కడి పోషకాలలో అధికభాగం చెట్లలోనూ పైపొర ఆకుమడ్డిలోనూ ఉంటుంది. చెట్టు పోతే సారమూ పోతుంది. బోధకులు ముళ్లపందుల మాట కన్నా కోతుల మాట మీద ఎక్కువసేపు నిలవడం మేలు.

3.0 పెద్ద మనిషి ఎవరు? – కథ అడగని ప్రశ్న

కథలోని ప్రాణులన్నీ మాట్లాడేది చిన్న మనిషితోనే. చెట్టును చూపించి వెళ్లిన పెద్ద మనిషి మళ్లీ కనిపించడు. అతడు ఎవరు, కలప ఎవరికి కావాలి, కొట్టకుండా తిరిగి వెళ్లిన చిన్న మనిషికి ఆ రోజు కూలి ఎవరిస్తారు అన్న ప్రశ్నలు కథలో లేవు. నరికివేత బరువంతా గొడ్డలి పట్టిన చేతి మీదే పడింది. మారవలసింది కూలివాడి మనసే అన్న భావన పిల్లలలో మిగిలిపోతుంది.

ఈ లోపం మరింత కొట్టవచ్చినట్లు కనిపించడానికి కారణం పుస్తకపు అంకితమే. చెర్రీ ఈ కథను చీకో మెండిస్ స్మృతికి అంకితం చేసింది. మెండిస్ బ్రెజిల్‌లోని ఆక్రి రాష్ట్రంలో రబ్బరు పాలు సేకరించే కార్మికుడు, కార్మిక సంఘ నాయకుడు. పశువుల మేత భూముల కోసం అడవిని నరికించే భూస్వాములను ఎదిరించినందుకు 1988 డిసెంబరు 22న షాపురిలోని తన ఇంటి వద్ద హత్యకు గురయ్యాడు. అతని సహచరులు కుటుంబాలతో సహా వెళ్లి, రంపాలు పట్టిన కూలీల ఎదుట నిలిచి, పని ఆపమని వారిని ఒప్పించేవారు. ఆ కూలీలలోనూ బతుకుతెరువు కోల్పోయిన పేదలే ఉండేవారు. అంటే కథలో జంతువులు చేసిన పనిని వాస్తవంలో మనుషులు చేశారు. కూలీతో మాట్లాడినా, వారి పోరాటం కూలీని పంపినవాడి మీద. పుస్తకం మెండిస్ పేరును నిలుపుకుంది కాని అతని ప్రశ్నను కథలోకి తీసుకురాలేదు.

చిత్తూరు ప్రాంతంలో ఈ ప్రశ్న దూరపు ప్రశ్న కాదు. శేషాచలం కొండల్లోని ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా విస్తారంగా పెరగని చెట్టు. దాని కోసం గొడ్డళ్లతో కొండెక్కేవారిలో తమిళనాడుకు చెందిన పేద కూలీలు ఎక్కువ. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో అటువంటివారు 20 మంది మరణించారు. తిరువణ్ణామలై, ధర్మపురి ప్రాంతాల నుంచి వచ్చిన ఆ మనుషుల భాష కుప్పం సంతలో వినిపించే భాషే. ఈ సంఘటనను ఎనిమిదేళ్ల పిల్లలకు చెప్పాలని కాదు. కాని ఈ సంఘటన తెలిసిన ఉపాధ్యాయుడు ‘గొడ్డలి పట్టినవాడు చెడ్డవాడు’ అనే పాఠాన్ని సులభంగా చెప్పలేడు. ‘చెట్టు చూపించినవాడు ఎక్కడికి వెళ్లాడు?’ అన్న ఒక్క ప్రశ్న ప్రాథమిక తరగతికి చాలు. పిల్లలు దానికి తమ ఊరి అనుభవంతో జవాబు చెప్పగలరు.

ఈ విషయంలో ఎన్‌సీఈఆర్‌టీ పాత ఐదవ తరగతి పరిసరాల విజ్ఞాన పుస్తకంలో ఉన్న ‘అడవులు ఎవరివి?’ అనే అర్థం గల పాఠం మెరుగైన నమూనా. జార్ఖండ్‌కు చెందిన సూర్యమణి అనే ఆదివాసీ యువతి జీవితం ఆధారంగా సాగే ఆ పాఠంలో కాంట్రాక్టరు ఉన్నాడు, అటవీ హక్కుల చట్టం ఉంది, మిజోరంలోని ఝూమ్ సాగు ఉంది. అడవిలో మనుషులు కూడా ఉంటారనీ, వారికి అడవి మీద హక్కు ఉందనీ అది చెబుతుంది. చెర్రీ కథలో అడవి మనిషికి ప్రతినిధి యానోమామి పిల్లవాడొక్కడే. అతడు కూడా జంతువుల వరుసలో చివరివాడుగా వస్తాడు. అడవి బిడ్డను మృగాల పట్టికలో చేర్చే ఈ క్రమాన్ని బోధకులు గుర్తించి విడమరచి చెప్పాలి.

4.0 పదం – ప్రతీతి: కేపోక్ అంటే బూరుగు

వర్షారణ్యం అనే పదంలోని రెండు భాగాలూ తత్సమాలే. పిల్లల నోట ఉన్నవి వాన, అడవి. ‘సతతహరితం’, ‘ఉష్ణమండలం’, ‘ఆవరణ వ్యవస్థ’ వంటివి పరీక్షకు బట్టీ పట్టే పదాలుగా మిగిలిపోవడానికి ఆ దూరమే కారణం. పారిభాషిక పదాలను వదులుకోవలసిన అవసరం లేదు. వాటికి ముందు ఇంటి మాట ఒకటి నిలబడాలి. ఏడాది పొడుగునా వాన పడే అడవి, ఎప్పుడూ ఆకు రాల్చి బోసిపోని అడవి అన్న తరువాత వర్షారణ్యం, సతతహరితం అనే పేర్లు వస్తే అవి అర్థంతో వస్తాయి.

ఈ కథలోనే అలాంటి ఇంటి మాట ఒకటి దాగి ఉంది. కేపోక్ అంటే తెల్లబూరుగు. శాస్త్రనామం సీబా పెంటాండ్ర. దక్షిణ అమెరికా అడవుల్లో 60 మీటర్ల దాకా పెరిగే ఈ చెట్టు తెలుగు నేలకు అపరిచితం కాదు. దీని దూదితో దిండ్లు, పరుపులు కుట్టించుకోవడం పాత అలవాటు. ఎర్రటి పూలు పూసే మన బూరుగు – బొంబాక్స్ సీబా – దీనికి దగ్గరి బంధువు. పత్తి, బెండ కూడా ఇదే కుటుంబంలోనివి. అమెజాన్ మహావృక్షం తాను తలపెట్టి పడుకునే దిండుకు పుట్టిల్లని తెలిసిన పిల్లలకు ఆ చెట్టు ఇక పరాయిది కాదు. కథను తెలుగులో చెప్పేటప్పుడు ‘కేపోక్’ అనే మాటను అలాగే ఉంచితే ఈ చుట్టరికం తెగిపోతుంది.

బూరుగుకు తెలుగు కథాలోకంలోనూ చోటుంది. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) మిత్రలాభంలో కథకు రంగస్థలం గోదావరి తీరంలోని బూరుగు చెట్టే. దాని మీద పక్షులు వసిస్తాయి, దాని చెంతకు వేటగాడు వల పట్టుకుని వస్తాడు. పక్షులకు ఆశ్రయమైన మహావృక్షం, దాని కిందికి ఆయుధంతో వచ్చిన మనిషి – రెండు కథలకూ ఆరంభ చిత్రం ఒక్కటే. అయితే చిన్నయసూరి కథలో పక్షులు మనిషిని బతిమాలవు. ఒక్కటై వలతో సహా ఎగిరిపోతాయి. ఒకటి మనసు మార్చే కథ, మరొకటి ఐకమత్యపు కథ. రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పడం తెలుగు ఉపాధ్యాయునికి మాత్రమే సాధ్యమయ్యే పని.

కుప్పం తరగతి గదిలో తెలుగుతో పాటు తమిళం, కన్నడం మాట్లాడే పిల్లలూ ఉంటారు. కన్నడంలోనూ ఇది బూరుగే. తమిళంలో ఇలవం. కాయ పండుతుందని ఎదురుచూసిన చిలుకకు చివరికి దూది మిగిలిందన్న తమిళ సామెత పిల్లల ఇళ్లలో వినిపించేదే. ఒక చెట్టు పేరుతో మూడు భాషల పిల్లలు పాఠంలోకి రాగలరు. ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనం కోసం 1997లో విశ్వవిద్యాలయం వెలసిన ఊరిలో ఈ అవకాశాన్ని ప్రాథమిక పాఠశాల వాడుకోవడం సముచితం.

5.0 మబ్బు దారి – రెండు అడవుల బంధం

కుప్పం, పలమనేరు ప్రాంతపు అడవులు ఛాంపియన్, సేఠ్ వర్గీకరణ (1968) ప్రకారం దక్షిణ ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవులు, ముళ్లపొదల అడవులు. ఇవీ ఉష్ణమండలపు అడవులే. ఈ ఒక్క మాట చాలా పాఠాలలో జారిపోతుంది. ‘ఉష్ణమండల అడవి’ అనగానే వర్షారణ్యమని పిల్లలు అనుకుంటారు. నిజానికి వేసవిలో మోడుబారే తమ అడవి కూడా అదే మండలంలోనిదని, రెండింటినీ వేరుచేసేది వాన అని తెలియాలి.

ఆ వాన కథ కూడా దగ్గరిదే. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీదుగా వచ్చి పశ్చిమ కనుమలను తాకుతాయి. కనుమల మీదున్న కర్ణాటకలోని ఆగుంబెలో ఏటా సగటున 7,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. అక్కడ వర్షారణ్యం ఉంది. నీరు దించుకున్న గాలి కనుమలు దాటి తూర్పుకు వచ్చేసరికి పొడిబారుతుంది. కుప్పం ఆ వానచాటు ప్రాంతంలో ఉంది. ఇక్కడి వార్షిక వర్షపాతం అందులో చిన్న భాగం మాత్రమే. ఆగుంబెలో అడవి పచ్చగా ఉండడానికీ, కుప్పంలో చెరువు ఆలస్యంగా నిండడానికీ మూలం ఒకే గాలి ప్రయాణం. కుప్పం పిల్లలకు అత్యంత సమీపంలోని వర్షారణ్యం అమెజాన్ కాదు, పక్క రాష్ట్రపు కనుమలు. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ కనుమల నుంచి పాఠం మొదలై అమెజాన్‌కు వెళ్లడం భూగోళ దృష్టితోనూ బోధనా దృష్టితోనూ సరైన క్రమం.

ఇందులో మరో విశేషం ఉంది. వర్షారణ్యంలోని తెల్లబూరుగు కూడా పొడి కాలంలో ఆకు రాలుస్తుంది. ఆకులేని కొమ్మలపై పూసిన దాని పూల కోసం రాత్రివేళ గబ్బిలాలు వస్తాయి. పరాగసంపర్కంలో వాటిదే పెద్దపాత్ర. చెర్రీ కథలో తేనెటీగకు మాట దక్కింది, గబ్బిలానికి దక్కలేదు. ఊరి మర్రి మీద వేలాడే గబ్బిలాన్ని రోజూ చూసే పిల్లలు కథలోకి దాన్ని పదకొండో ప్రాణిగా పంపగలరు. అదేమి చెబుతుందో వారినే రాయమనడం మంచి అభ్యాసం.

6.0 ఏనుగు ప్రశ్న – సోబెల్ వాదానికి ఒక సవరణ

అమెరికన్ విద్యావేత్త డేవిడ్ సోబెల్ ‘బియాండ్ ఎకోఫోబియా’ (1996)లో వర్షారణ్య పాఠాలనే ఉదాహరణగా తీసుకుని ఒక బలమైన విమర్శ చేశాడు. దూరదేశపు అడవుల నాశనాన్ని చిన్న వయసులోనే పిల్లల మీద మోపితే వారిలో ప్రకృతి మీద ప్రేమకు బదులు భయం, నిస్సహాయత పెరుగుతాయని అతని వాదం. నాలుగో తరగతి దాకా విపత్తుల పాఠాలు వద్దన్నాడు. నాలుగు నుంచి ఏడేళ్ల దాకా తాదాత్మ్యం, ఎనిమిది నుంచి పదకొండేళ్ల దాకా పరిసరాల అన్వేషణ, ఆ తరువాతనే సామాజిక కార్యాచరణ – ఇదీ అతడు సూచించిన క్రమం.

ఇందులో చాలా భాగం కుప్పానికీ వర్తిస్తుంది. అయితే సోబెల్ ఆలోచనలో ఒక ఊహ దాగి ఉంది: దగ్గరి ప్రకృతి నిరపాయమైనది, విపత్తు దూరంగా ఉన్నది అని. అతని ఇంటి పక్కనున్న మైదానాలకూ వాగులకూ అది సరిపోవచ్చు. కుప్పం పరిస్థితి వేరు. 1980 దశకంలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఈ ప్రాంతానికి వలస వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. నాటి నుంచి చెరకు, వరి, అరటి, రాగి చేలపై దాడులు, కందకాలు, సౌరవిద్యుత్ కంచెలు, రాత్రి కాపలాలు ఇక్కడి జీవితంలో భాగమయ్యాయి. మనుషులూ చనిపోయారు, ఏనుగులూ చనిపోయాయి. అడవి ఏనుగులను మళ్లించేందుకు 2025లో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెప్పించవలసి వచ్చింది. ఇక్కడ దగ్గరి ప్రకృతిలోనే భయం ఉంది. దానిని పాఠం మరుగుపరచినా పిల్లలకు అది తెలుసు.

చెర్రీ కథలో చెట్లు పోతే తనకు తిండి ఎక్కడిదని జాగ్వార్ అడుగుతుంది. తెల్లారేసరికి చేను తొక్కుడుపడిన ఇంటి బిడ్డ ఆ మాట విని, మరి మాకు తిండి ఎక్కడిదని అడిగితే ‘జంతువులు మన నేస్తాలు’ అనే వాక్యం సమాధానం కాదు. ఆ ప్రశ్నను అవిధేయతగానో, పర్యావరణ స్పృహ లేకపోవడంగానో భావించడం బోధనలో జరిగే అన్యాయం. నిజానికి ఆ బిడ్డ జాగ్వార్ ప్రశ్ననే తిప్పి అడుగుతున్నాడు. అడవి తరిగి, దారులు తెగిపోయినప్పుడు మృగానికీ మనిషికీ ఒకే చేను మిగులుతుందన్న విషయం ఈ రెండు ప్రశ్నల కలయికలోనే తేటపడుతుంది. కనుక సోబెల్ సూత్రాన్ని ఈ ప్రాంతానికి ఇలా సవరించుకోవాలి: పిల్లలకు తెలియని భయాన్ని పాఠం మోయించకూడదు; వారు ఇప్పటికే మోస్తున్న భయానికి పాఠంలో మాట్లాడే చోటు ఇవ్వాలి.

7.0 ప్రాంతీయ ప్రయోగాలు

ఇటువంటి బోధనకు అనుకూలమైన అనుభవం ఈ ప్రాంతంలోనే ఉంది. మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లోని ఉపగ్రహ పాఠశాలల కోసం అభ్యసన నిచ్చెన, కార్డుల పద్ధతిని రూపొందించింది. వేరువేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో తమతమ వేగంతో నేర్చుకునే ఈ విధానం తరువాత తమిళనాడు ప్రభుత్వ పాఠశాలల్లో కృత్యాధార బోధనకు ప్రేరణ అయింది. కుప్పం సమీపంలో అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల ప్రాంగణంలో ప్రయోగాల ద్వారా విజ్ఞానశాస్త్రాన్ని పల్లె పిల్లలకు అందిస్తోంది. బీడుపడిన నేల మళ్లీ పచ్చబడడం ఎలాగో ఆ ప్రాంగణమే ఒక పాఠంగా చూపిస్తుంది.

ఆకులు పోల్చడం, వాన కొలవడం, బూరుగు దూదిని గాలిలోకి వదిలి విత్తన వ్యాప్తిని చూడడం వంటి కృత్యాలకు కార్డు, ప్రయోగం చక్కగా ఒదుగుతాయి. ‘చెట్టు చూపించినవాడు ఎవరు?’, ‘చేను ఎవరిది, అడవి ఎవరిది?’ వంటి ప్రశ్నలు మాత్రం అలా ఒదగవు. వాటికి పిల్లలంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సమయం కావాలి. ఆ సంభాషణకు కథను మించిన సాధనం లేదు. పరిసరాల విజ్ఞానంలో బాలసాహిత్యానికి స్థానం అలంకారప్రాయం కాదని ఇక్కడ రుజువవుతుంది.

8.0 ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. ‘ది గ్రేట్ కేపోక్ ట్రీ’ పునరావృత్తి, బహుస్వర నిర్మాణం, సంయమనం గల ముగింపు వల్ల ప్రాథమిక తరగతికి యోగ్యమైన కథ. అయితే నరికివేత బాధ్యతను కూలి మీదే నిలిపి, అతన్ని పంపినవాడిని కథ నుంచి తప్పించింది.

2. కేపోక్‌ను బూరుగుగా పరిచయం చేయడం అనువాద సౌలభ్యం కోసం మాత్రమే కాదు. తెలుగు, కన్నడ, తమిళ భాషల పిల్లల ఇంటి జ్ఞానాన్ని పాఠంలోకి తెచ్చే మార్గం అది.

3. వర్షారణ్యాన్ని అమెజాన్‌తో కాక పశ్చిమ కనుమలతో మొదలుపెట్టి, కుప్పం శుష్కారణ్యంతో పోల్చి చెప్పాలి. రెండింటి తేడాకు వానే మూలమని గ్రహించడమే ఈ పాఠానికి కేంద్రం కావాలి.

4. విపత్తు పాఠాలను వాయిదా వేయాలన్న సోబెల్ సూత్రం మానవ–ఏనుగు సంఘర్షణ ఉన్న ప్రాంతాల్లో సవరణకు లోనుకావాలి.

కథ చివర నేల మీద పడిన గొడ్డలిని దాదాపు అన్ని పాఠాలూ విజయంగా చూపిస్తాయి. ఆ గొడ్డలిని వదిలిన మనిషి ఆ సాయంత్రం ఇంటికి ఏమి పట్టుకెళ్లాడో కుప్పం పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నను ఆహ్వానించగలిగిన తరగతి గదిలోనే వర్షారణ్య పాఠం సంపూర్ణమవుతుంది.